చిన్నరసాల తోటలోంచి అడవి గీత

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. కంప్యూటర్ చెప్పింది తప్పు కాదని, నేను చేసింది ఎవరికీ తెలియదని. రెండూ ఒకే వేసవిలో పోయాయి. డిగ్రీ అయ్యాక విజయవాడలో, అడవుల మ్యాపులు కంప్యూటర్లోకి ఎక్కించే ఆఫీసులో చేరాను. జీపీఎస్ మెషీన్ పట్టుకుని మైలవరం అవతల అడవి అంచున హద్దురాళ్ల వెంబడి నడవడం నా పని. నేను ఎటు నడిస్తే అటు అందులో గీత పడుతుంది, ఆ గీతే అడవి సరిహద్దు. (మా అమ్మ మాత్రం ఆ మెషీన్ను రేడియో అనుకుని, నేను పాటలు వింటూ అడవిలో తిరుగుతున్నానని చుట్టాలకు చెప్పుకునేది.)

ఒకరోజు నాతో వచ్చిన ఫారెస్టు గార్డు భోజనం చేసి కునుకు తీశాడు. నేనొక్కణ్ణే బయల్దేరాను. ముందున్న రాళ్లన్నీ ఎండకు నీళ్లలో తేలుతున్నట్టున్నాయి. ఎక్కణ్ణుంచో పండిన చిన్నరసాల వాసన వచ్చింది, కాళ్లు వాటంతటవే అటు తిరిగాయి. తోట యజమాని ఒక సాయిబు గారు. ఎవరు నువ్వని అడక్కుండానే ముందు కుండలో నీళ్లిచ్చి, తర్వాత ఇది మా నాన్న పెట్టింది, అది నేను పెట్టింది అంటూ బావి చుట్టూ, చెట్టు చెట్టుకూ తిప్పి తినిపించారు. ఆ నీడలో ఎంతసేపు తిరిగానో తెలియదు. మోచేతుల దాకా రసం కారుతుండగా తోట అవతలి వైపు బయటపడి మళ్లీ రాళ్ల దారి పట్టాను. జేబులో మెషీన్ నడుస్తూనే ఉందన్న ధ్యాసే లేదు.

కొన్ని వారాలకు సాయిబు గారు పట్టా కాగితం పట్టుకుని మా ఆఫీసుకొచ్చారు. కొత్త మ్యాపులో ఆయన తోట సగం అడవిలో కలిసిపోయిందట, ఊళ్లో అందరూ ఇక తోట పోయినట్టే అంటున్నారట. మా సారు కంప్యూటర్లో గీత చూపించి, మావాడు స్వయంగా నడిచి తెచ్చిందండీ, మెషీన్ అబద్ధమెందుకు చెబుతుంది అన్నారు. సాయిబు గారు ఆ గీతను చూశారు. బావి చుట్టూ తిరిగిన మెలికను చూశారు. తర్వాత నన్ను చూశారు.

“ఎండన పడి తిరిగాడు కదండీ, ఎక్కడో పొరబడుంటాడు. కుర్రాణ్ణి ఏమీ అనకండి. నా తోట నాకిప్పించండి చాలు” అన్నారు.

ఆయన నా గుట్టు చెప్పేసినా అంత సిగ్గేసేది కాదు. “అది సరిహద్దు కాదు సార్. నేను మామిడిపళ్లు తింటూ తిరిగిన దారి” అన్నాను. సారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, “మరి ఇక్కడ ఇంత చిక్కుముడేంటయ్యా?” అని అడిగారు.

“ఆ చెట్టు కాయ బాగుందండీ.”

మర్నాడే మళ్లీ నడిచాను. గార్డు ముందు నడుస్తూ నన్ను తల కూడా తిప్పనివ్వలేదు. తోట దగ్గరకొచ్చేసరికి సాయిబు గారు కంచె మీదుగా నెమ్మదిగా అన్నారు: “పనయ్యాక మెషీన్ ఆపేసి రా అబ్బాయ్. తినేటప్పుడు దానితో ఏం పని?”

ఆయన ఇప్పుడు లేరు. రసాల కాలం వస్తే నేను ఫోన్లో ఆ తోటను పైనుంచి తీసిన ఫొటో తెరుస్తాను. హద్దు సరిగ్గానే ఉంది. నేను మాత్రం వేలితో కంచె దాటి, బావి చుట్టూ తిరిగి, ఆ చెట్టు దగ్గర కాసేపు ఆగుతాను. ఇప్పుడు ఏ గీతా పడదు. పడితే బాగుండుననిపిస్తుంది.