మూడు తుపాకులకు ఒకే మడమ

సెంబవాంగ్ ఓడల యార్డులో కాపలాకి చేరినప్పుడు నా చేతిలో ఉన్నది లాఠీ. రివాల్వర్ నడుముకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మా తాత సముద్రం దాటి వచ్చి ఇక్కడి ఇంగ్లీషువాళ్ళ నేవీ బేసులో బరువులు మోశాడు. మా నాన్న అక్కడే ఓడలకి రంగులు వేశాడు. మా ఇంట్లో నడుముకి తోలు పటకా బిగించి తుపాకీ పెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. చదువు లేదు. సంతకం తప్ప ఇంకో గీత గీయడం రాదు. ఆ పటకా కట్టుకుంటే మాత్రం నాకు చదువు లేదన్న సంగతి ఎదుటివాడికి తోచదని నా నమ్మకం. నిజానికి నాకే తోచేది కాదు.

ఊరంతా కంప్యూటర్ల మాటే నడిచిన రోజుల్లో మా సెక్యూరిటీ కంపెనీ నన్ను యార్డు నుంచి తీసి టాంపినీస్‌లో ఒక పెద్ద భవనానికి వేసింది. బ్యాంకుల లెక్కలన్నీ అక్కడి యంత్రాల్లో ఉంటాయట, అందుకని తుపాకీ కాపలా. హైదరాబాదు నుంచి, బెజవాడ నుంచి కొత్తగా దిగిన కుర్రాళ్ళు మెడలో కార్డులు వేలాడేసుకుని పొద్దున్నే వచ్చేవాళ్ళు. నా నోట తెలుగు వినగానే ఆగిపోయేవాళ్ళు.

"అంకుల్, మీరు మనవాళ్ళా! అది నిజం తుపాకీయేనా?"

"నీ మెడలో కార్డు నిజమైతే ఇదీ నిజమే."

వాళ్ళు నవ్వుకుంటూ లిఫ్టు వైపు పోయేవాళ్ళు. నేను ఆ పూటంతా నిటారుగా నిలబడేవాణ్ణి.

తుపాకీ ఉంచుకోవాలంటే ఏటా కాల్పుల పరీక్ష నెగ్గాలి. తప్పితే మరొక్క అవకాశం ఇస్తారు. అదీ పోతే పటకా ఇచ్చేసి, ఖాళీ నడుముతో గేటు దగ్గర కుర్చీలో కూర్చోవాలి. అన్నేళ్ళూ నేను మొదటిసారికే నెగ్గాను. ఆ ఏడు తప్పాను. గుండ్లు కాగితం మీద తలోవైపు పోయాయి. ఒకటైతే అసలు కాగితానికే తగల్లేదు.

మా ఆయుధాల గది ఒక తెలుగమ్మాయి చేతిలో ఉండేది. అమ్మాయంటే ముప్పై దాటిన మనిషే. వాళ్ళ నాన్నా నేనూ సెంబవాంగ్‌లో ఒకే వరస క్వార్టర్లలో పెరిగాం. నలుగురిలో ఉంటే నన్ను అంకుల్ అనేది, ఎవరూ లేకపోతే మావయ్యా అనేది. తుపాకులు విప్పి తుడిచి, నూనె పెట్టి, మళ్ళీ బిగించి ఎవరివి వాళ్ళకి ఇవ్వడం ఆమె పని. ఆడపిల్లకి ఆ గది అప్పజెప్పారని మాలో సగం మందికి కడుపుమంట. ఆ సగంలో నేనూ ఉన్నాను.

పరీక్ష తప్పిన రోజే వెళ్ళి ఆమె బల్ల మీద రివాల్వర్ పెట్టాను. "దీని గొట్టం వంకర పోయింది," అన్నాను.

ఆమె విప్పి వెలుతురుకి ఎత్తి చూసింది. వాదించలేదు. ఇంకో రివాల్వర్ ఇచ్చింది. సాధన చేసినప్పుడు అదీ అంతే అయింది. "దీని ట్రిగ్గర్ బిగుసుకుపోయింది," అన్నాను. ఈసారి పిస్తోలు ఇచ్చింది. "ఇది చేతిలో కుదరట్లేదు," అన్నాను.

అక్కడితో ఊరుకోలేదు. కాంటీనులో అందరూ తింటుండగా, "ఆ పిల్ల తుపాకుల్ని వంటింట్లో గరిటెల్లా పడేస్తోంది. ఇలా అయితే ఎవడి పరీక్షయినా పోతుంది," అని గట్టిగా అన్నాను. ఆ మాట సార్జంట్ దాకా వెళ్ళింది. వెళ్ళాలనే అన్నాను. తుపాకులు బాగాలేవని తేలితే ఆమె గది పోతుంది, నా పటకా నిలుస్తుంది. నాకది తెలుసు.

రెండో అవకాశం రోజున కాల్పుల రేంజికి పొద్దున్నే వెళ్ళాను. ఆమె తలుపు దగ్గరే ఎదురైంది.

"మావయ్యా, ఒక్క మాట. ఇవాళ పన్నెండింటికి అందరూ మకాన్‌కి పోతారు కదా. మీరు ఉండిపోండి. తిండి తర్వాత తిందురుగాని. మనిద్దరమే చూద్దాం. తేడా తుపాకీలో ఉందో ఇంకెక్కడుందో తెలిసిపోతుంది."

"ఇంకెక్కడుంటుంది?"

ఆమె చూపు నా కుడిచేతి మీదికి దిగి, వెంటనే పక్కకి పోయింది. నేనది చూసి కూడా పట్టించుకోలేదు.

"నీ గుట్టు బయటపడుతుందని భయమా? చూసేదేదో అందరి ముందే చూడు."

"వద్దు మావయ్యా. నా మాట వినండి."

"మావయ్యా లేదు, గీవయ్యా లేదు. సార్జంట్‌ని పిలు."

సార్జంట్ మలయ్ మనిషి, తక్కువ మాట్లాడేవాడు. ఆయన వచ్చాడు, ఆయన వెనకే మిగిలినవాళ్ళంతా వచ్చారు. ఆమె అలమర తెరిచి నల్లటి మడమ ఒకటి తీసింది. పెద్ద తుపాకీకి వెనక భుజానికి ఆనించే భాగం ఉంటుంది కదా, అలాంటిదే, కాకపోతే ఇది విడిగా ఉంటుంది. ముందు ఒక పట్టు, దానికి మరలు. రివాల్వర్ పిడికి బిగిస్తే రివాల్వర్‌కి, పిస్తోలు పిడికి బిగిస్తే పిస్తోలుకి అతుక్కుంటుంది. లోపలి రబ్బరు ముక్క మార్చుకుంటే చాలు. కొత్తగా చేరినవాళ్ళకి బెరుకు పోవడానికి ఇచ్చేవాళ్ళు. పాతవాళ్ళం దాన్ని నడకబండి అని వెక్కిరించేవాళ్ళం.

నాతో పనిచేసే తమిళాయన వెంటనే అందుకున్నాడు. "ఏంటన్నే, మీసం నెరిశాక నడకబండి ఎక్కుతున్నావా?"

"నోర్ముయ్యి, ఇది ఆ పిల్ల తుపాకులకి పరీక్ష," అన్నాను.

ఆమె మొదటి రివాల్వర్‌కి మడమ బిగించి నా చేతికిచ్చింది. "మీరు వంకర అన్నది ఇదే కదా అంకుల్?"

భుజానికి ఆనించి కాల్చాను. కాగితం తెప్పించి చూస్తే చిల్లులన్నీ నడిమధ్యన, ఒక్క గుప్పిట్లో పట్టేటంత చోట ఉన్నాయి. నేను పకపకా నవ్వాను. "చూశారా నా గురి!" అన్నాను. ఆమె మరలు వదులు చేసి, మడమని రెండో రివాల్వర్‌కి బిగించింది. అదీ నడిమధ్యనే. పిస్తోలుకి బిగించింది. అదీ అంతే. ప్రతిసారీ నా గొంతు ఇంకాస్త పెరిగింది. తమిళాయన భుజం మీద ఒక్కటి చరిచాను కూడా. అక్కడ ఏం రుజువవుతోందో అందరికీ తెలుస్తోంది. నాకు తప్ప. నేను గెలుస్తున్నాననే అనుకున్నాను.

"మూడు తుపాకులూ బాగున్నాయి," అన్నాడు సార్జంట్, మలయ్ భాషలో. "ఇప్పుడు అది తీసెయ్."

ఆమె మర మీద వేలు పెట్టి ఆగింది. "సార్, తుపాకుల సంగతి తేలింది కదా. అంకుల్‌ది అందరూ తిండికి పోయాక..."

"టెస్ట్ ఈజ్ టెస్ట్ లా," అన్నాడు సార్జంట్, ఇక్కడ అందరి మాటకీ తోకలా తగిలే ఆ "లా"తో.

మడమ తీసింది. నా మొదటి రివాల్వరే, ఇన్నేళ్ళు నా నడుముకి ఉన్నదే, నా చేతికిచ్చింది. చెయ్యి చాచాను. గొట్టం చివర చిన్న గుబ్బ ఉంటుంది, దాన్ని గురి మీద నిలపాలి. అది నిలవలేదు. బెల్లం మీద ఈగలా అటూ ఇటూ తిరిగింది. నెలల తరబడి ఆ గుబ్బే వదులైందని అనుకుంటూ వచ్చాను. కాల్చాను. గుండ్లన్నీ అయిపోయేదాకా కాల్చాను.

కాగితం వచ్చింది. ఎవరూ నవ్వలేదు. నడకబండి అని వెక్కిరించినవాడు వంగి బూటు తాడు కట్టుకోవడం మొదలుపెట్టాడు. అది ముందే కట్టి ఉంది. వాడు నవ్వి ఉంటే తిట్టేవాణ్ణి, కాస్త తేలిక పడేవాణ్ణి.

తుపాకీ అదే, కన్ను అదే, మనిషి అదే. మధ్యలోంచి తీసింది ఆ మడమ ఒక్కటే.

పటకా విప్పాను. బకిల్ దగ్గర కూడా వేళ్ళు వణికాయి, విప్పడానికి చాలాసేపు పట్టింది. ఆమె రెండు చేతులూ చాచి అందుకుంది. "మావయ్యా," అంది, అందరి ముందే. నేను తప్పయిందమ్మా అని ఉండాల్సింది. ఆ మాట నాలిక దాకా వచ్చింది కూడా. నా నోటి నుంచి వచ్చింది వేరు.

"బకిల్ బిగుసుకుపోయింది. నూనె పెట్టు," అన్నాను.

యూ టీ పేటలో ఉన్న మా ఇంటికి చేరాక మా ఆవిడ గ్లాసులో టీ తెచ్చింది. సగానికే ఉంది. చాలా కాలంగా అలాగే ఇస్తోంది, పిసినారితనం అని నేను గొణుగుతూనే ఉన్నాను.

"నిండా పొయ్యి," అన్నాను.

"ఎందుకు, చొక్కా మీదకా?" అని, వెంటనే పెదవి కొరుక్కుంది.

"ఎప్పట్నుంచి?"

"పోయిన దీపావళికి ముందు నుంచే."

"చెప్పొచ్చు కదా!"

"చెబితే వినే మనిషేనా మీరు? ఆ పిల్ల కూడా అడిగింది, చేపల మార్కెట్లో కనిపించి. అత్తయ్యా, మావయ్య చెయ్యి ఎలా ఉంది అని."

అంటే ఆమెకి ముందే తెలుసు. తెలిసీ నేను అడిగిన ప్రతి తుపాకీ మారు మాట్లాడకుండా ఇచ్చింది. కాంటీనులో నేను అన్న మాట చెవిన పడ్డాక కూడా, ఎవరూ లేనప్పుడు చూద్దాం మావయ్యా అంది. నేను టీ తాగలేదు. లేచి వెళ్ళి కాళ్ళు కడుక్కుని, చీకటి పడకముందే పడుకున్నాను.

తర్వాతి వారం నుంచి అదే భవనం గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాను. వచ్చేవాళ్ళ కార్డు చూసి లోపలికి పంపడం పని. కార్డు మీద పేరు చదవడం నాకు రాదు. ఫొటో చూసి, మొహం చూసి వదిలేసేవాణ్ణి. అది తట్టుకోలేకే, కొన్నాళ్ళకి గుడి మేడ మీద చిన్నపిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాను. ఇంగ్లీషువి ముందు, తెలుగువి ఆ తర్వాత. ఇప్పుడు ఇది రాయగలుగుతున్నది అందువల్లే. కానీ నేను చెబుతున్నది అక్షరాలు రాకముందు సంగతి.

ఒకరోజు ఆ కుర్రాళ్ళలో ఒకడు ఆగి నా నడుము వైపు చూశాడు.

"అంకుల్, తుపాకీ ఏదీ?"

"రిపేరుకిచ్చాను," అన్నాను. "సరిగా చూసేవాళ్ళు లేక పాడైంది."

అప్పుడు కనిపించింది. కాపలావాళ్ళ తుపాకులు మార్చడానికి వారానికోసారి వ్యానులో వచ్చేది ఆమె. పెట్టె పట్టుకుని వాడి వెనకే నిలబడి ఉంది. అంతా వింది.

కుర్రాడు ఆమె యూనిఫారం చూసి, "అవునా అక్కా?" అన్నాడు.

"అవును లా," అంది ఆమె. "రిపేర్‌లోనే ఉంది. నా దగ్గరే ఉంది."

నా వైపు చూడలేదు, పెట్టె ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని లోపలికి వెళ్ళిపోయింది. కుర్రాడు కార్డు చాపాడు. నేను తల ఎత్తకుండా, పేరు చదువుతున్నవాడిలా ఆ కార్డు మీదికి వంగి, చాలాసేపు అలాగే ఉండిపోయాను.