ఒంటికన్ను ఓడ బరువు

ముసురు పట్టిన నాలుగో రోజున కళ్ళ డాక్టరు ఒక అట్టపెట్టె పట్టుకొచ్చి, నిద్రపోతున్న పసిబిడ్డను దించినట్టు ఆమె బల్లమీద దించాడు.

"చుక్కలక్కా, ఇది అంటురోగం కాదు కదా?" అన్నాడు. "మిగతావాటికి సోకుతుందేమోనని రెండు రోజులుగా దీన్ని స్నానాలగదిలో విడిగా ఉంచాను. అదక్కడుంటే తను స్నానం చేయనంటోంది మా ఆవిడ."

ఆమె నవ్వబోయింది. పెట్టె మూత తీశాక ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

చుక్కలక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. సినిమాల్లో ఆకాశంలో తిరిగే ఓడలను జింకు లోహంతో పోతపోసి, అరచేతిలో పట్టేంత బొమ్మలుగా అమ్మే ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసింది. ఆమె పని కిటికీలకు దీపాలు పెట్టడం. దీపమంటే మూడు వెంట్రుకల కుంచెతో పెట్టే ఒక పసుపు చుక్క. ఓడకు నూట పద్నాలుగు. చుక్క పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాలి, వదలాలి, మళ్ళీ బిగబట్టాలి. అలా తన ఊపిరిని చిన్న చిన్న ముక్కలు చేసి ఎన్ని ఇళ్ళకు పంపిందో ఆమెకే తెలియదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఓడలు పోగుచేసుకునేవాళ్ళు రంగు వెలిసినవీ రెక్క విరిగినవీ పట్టుకుని ఆమె ఇంటికి రావడం మొదలుపెట్టారు. అందరూ నెరిసిన తలలే. ఆమె బల్ల ముందు కూర్చోగానే గొంతులు మాత్రం పదేళ్ళవాళ్ళవి అయిపోయేవి.

డాక్టరు తెచ్చింది ఒంటికన్ను. ముక్కు దగ్గర ఒకే గుండ్రటి అద్దం ఉంటుందని ఫ్యాక్టరీలో పనివాళ్ళు దానికి ఆ పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు దాని వీపంతా పొక్కులు. పొక్కుల మధ్య, పాత పింగాణీ కప్పు మీద గీతల్లాగా, వెంట్రుకంత సన్నటి పగుళ్ళు. ఆమె పెట్టిన చుక్కలు కొన్ని పగుళ్ళకు అటూ ఇటూ చీలి, సగం సగం దీపాలుగా మిగిలాయి. రెక్క అంచును గోటితో నొక్కింది. చప్పుడు లేదు. ముక్క ఊడి వేలికి అంటుకుంది. లోపల లోహం మెరవలేదు, బూడిద రంగులో పొడిపొడిగా ఉంది.

ఇనుముకు తుప్పు బయటినుంచి లోపలికి పడుతుంది. ఇది అలాంటిది కాదు. లోపలినుంచి బయటికి నడిచి వచ్చింది, తొందర లేకుండా, ఏళ్ళ తరబడి.

"అంటుకోదు డాక్టరుగారూ," అంది. "పుట్టుకతో వచ్చింది."

ఓడను తిరగేసి చూసింది. పొట్టమీద నెలవంక ముద్ర ఉంది.

ఫ్యాక్టరీలో లోహం కరిగించే మూసలు నాలుగుండేవి, మూసకొక మేస్త్రి. పోత చల్లారాక ఎవరి ఓడ మీద వాళ్ళు తమ గుర్తు కొట్టాలి, తేడా వస్తే ఎవరిదో తెలియాలని. త్రికోణం ఒకరిది, గీత ఒకరిది, సున్నా ఒకరిది. నెలవంక ఆమె అన్నయ్యది.

డాక్టరు స్నేహితులకు కబురు పెట్టాడు. సోమవారానికి ఆమె బల్లమీద ఆరు ఓడలు చేరాయి. ఆరింటికీ పొక్కులు, ఆరింటి పొట్టమీదా నెలవంక. పక్కనే పోల్చుకోవడానికి పెట్టుకున్న త్రికోణం ఓడ రాయిలా గట్టిగా ఉంది. మూసల గది గోడమీద ఎర్రరంగుతో రాసి ఉండే మాట ఆమెకు గుర్తొచ్చింది. జింకు దగ్గరికి సీసం రానీయవద్దు. చిటికెడు సీసం చాలు, పోత లోలోపల కుళ్ళుతుందని పాత ఫోర్‌మన్ చెప్పేవాడు. అందరూ వినీ వినీ వినడం మానేసిన మాట అది.

అరచేతిలో ఓడ పొడి అయితే డాక్టరు దిగులు పడతాడు, అంతే. ఆమె భయం వేరే దాని గురించి. ఈ ఓడలు పోసిన నెలలోనే, అదే మూసలో, రెండు పెద్ద ఒంటికన్నులు పోశారు. నిలువెత్తు మనిషంత పొడవు, ఆరుగురు ఎత్తేంత బరువు. ఒకటి ఊళ్ళోనే ఉంది. ఆ సినిమా ఆడిన థియేటర్ హాల్లో, టికెట్ల వరుస నిలబడే చోట, జనం నెత్తిన, ఇరవై ఆరేళ్ళుగా నాలుగు తీగల మీద వేలాడుతోంది. ఈ శుక్రవారం ఆ సినిమా మళ్ళీ వేస్తున్నారు. దాని కిందే చిన్న వేదిక కట్టి అన్నయ్యను కూర్చోబెడతారు. గోడకు ఇత్తడి పలక బిగించారు, అన్నయ్య పేరుతో. జీవితమంతా పోసిన ఓడల్లో ఒక్క పెట్టె మీద కూడా ఆయన పేరు లేదు.

మంగళవారం వెళ్ళేసరికి అన్నయ్య ఇంట్లో తెల్లచొక్కా ఇస్త్రీ అవుతోంది. "రావమ్మా," అంది వదిన, కాలరు మీద నీళ్ళు చిలకరిస్తూ. "మీ అన్నయ్య మా పెళ్ళికి కూడా ఇంత ముస్తాబు కాలేదు. మూడు రోజులుగా అద్దానికి ఊపిరాడటం లేదు."

చుక్కలక్క రుమాలు విప్పి ముక్కలు చూపించింది, ఆరు ఓడల సంగతి చెప్పింది. అన్నయ్య ఒక ముక్క తీసుకుని వేళ్ళ మధ్య నలిపాడు.

"తడి తగిలుంటుంది."

"ఆరింటికీనా? నెలవంకలకేనా?"

ఆయన ముక్కను తిరిగి రుమాల్లో పెట్టేశాడు.

"సీసం కలిపావా అన్నయ్యా?"

"చుక్కలు పెట్టుకునేదానివి, మూస సంగతి నీకెందుకే?"

"ఎంత కలిపావు?"

ఇస్త్రీపెట్టె తడిగుడ్డ మీద సుయ్యిమంది. "పూటకో గుప్పెడు," అన్నాడు. "పాత బ్యాటరీల్లోవి." తర్వాత తలెత్తి చెల్లెల్ని సూటిగా చూశాడు. "బెండులా ఉందన్నది ఎవరు?"

అన్నది ఆమే. మొదటి ఒంటికన్ను అచ్చులోంచి వచ్చిన రోజు, మధ్యాహ్నం భోజనాల దగ్గర, దాన్ని అరచేతిలో ఎగరేసి నవ్విన మాట అది. ఏంటన్నయ్యా, బెండులా ఉంది, ఊదితే పోయేట్టుంది. ఆ సాయంత్రానికే ఆమె మరిచిపోయింది. ఆయన మరిచిపోలేదు. ఆ నెలంతా ఓడలు చేతికి బరువుగా తగిలాయి. యజమాని ఒకదాన్ని చేతిలో ఆడించి, పోత అంటే ఇదీ అన్నాడు. పాత ఒంటికన్ను బరువే వేరని పోగుచేసేవాళ్ళు ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్పుకుంటారు. ఆయనకు దక్కిన మెప్పల్లా ఆ బరువే.

"పెద్దవాటిలో?" అంది చివరికి.

"వాటిలో ఇంకా ఎక్కువే. దర్జాగా ఉండాలని."

"దించమని చెప్పు అన్నయ్యా."

"ఏమని చెప్పను? వేదికెక్కి, దొంగ పోత పోశానని చెప్పనా?" కిటికీ వైపు తిరిగాడు. "ఇరవై ఆరేళ్ళు నిలబడింది. ఇంకొక్క రోజు నిలబడదా?"

వదిన చొక్కా మడతపెట్టడం మరిచిపోయి అలాగే నిలబడింది. వాన కిటికీ ఊచల మీదుగా గదిలోకి వంగి చూస్తోంది.

బుధవారం చుక్కలక్క థియేటర్‌కు వెళ్ళింది. పైన ఓడ పాలపిట్ట రంగులో మిలమిలలాడుతోంది, పొక్కు కూడా కనబడనంత ఎత్తులో. రెండు వేల దీపాలు దానికి తనే పెట్టింది, చెక్క మీద వెల్లకిలా పడుకుని. ఆ రెండు వేల కళ్ళూ ఇప్పుడు కిందికి చూస్తున్నట్టనిపించింది. కింద గచ్చు తుడుస్తున్న మనిషిని అడిగితే, నెల రోజులుగా ఎంత తుడిచినా పొద్దుటికి సరిగ్గా అక్కడే సన్నటి బూడిద రాలి ఉంటోందని, పైన పావురాలేమోనని తిట్టుకుంటున్నానని చెప్పింది.

లోపల కొత్తగా పెట్టిన స్పీకర్లను పరీక్షిస్తున్నారు. దడ్‌మని ఒక మోత. పైనున్నది కదిలిందో లేదో కంటికి అందలేదు కానీ, గచ్చు మీద దాని నీడ వణికింది.

మేనేజరు చెడ్డవాడు కాదు. అంతా విన్నాడు. "పెద్దమ్మా, మీ మాట మీద దాన్ని దించితే జనం నన్ను దించుతారు," అన్నాడు. "దాన్ని చూడటానికే వస్తున్నారు వాళ్ళు. పోసినాయన వచ్చి ప్రమాదమంటే, ఆ క్షణమే దించుతాను."

గురువారం టికెట్లు ముందుగా ఇస్తారని జనం రావడం మొదలైంది. చుక్కలక్క ఒక స్టూలు తెచ్చుకుని, వచ్చినవాళ్ళనల్లా గోడవారకు జరగమని బతిమాలుతూ కూర్చుంది. కొందరు జరిగారు. కొందరు ఆమెను ఎగాదిగా చూసి, సరిగ్గా ఓడ కిందే నిలబడి ఫోటోలు తీసుకున్నారు. తుడిచే మనిషి ఎక్కడినుంచో తాడు తెచ్చి రెండు స్తంభాలకు కట్టింది. పావుగంటకో దడ్‌. పావుగంటకో చిటికెడు బూడిద. వెలుతురులో అది ఎంత నెమ్మదిగా దిగుతోందంటే, ఎవరో పైనుంచి కాలాన్ని జల్లెడ పడుతున్నట్టుంది.

మధ్యాహ్నం మూడింటికి అన్నయ్య వచ్చాడు, ఒకరోజు ముందే తెల్లచొక్కా వేసుకుని, సగం తడిసి. చెల్లెలి వైపు చూడలేదు. నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళాడు.

"దీన్ని పోసింది నేను. వేయకూడనిది వేసి పోశాను. దించండి," అన్నాడు. గోడ వైపు చెయ్యి చూపి, "ఆ పలక కూడా తీసేయండి" అన్నాడు.

మేనేజరు ఆయన మొహం చూసి ఆ క్షణమే మనుషుల్ని పిలిచాడు. జనాన్ని బయటికి పంపారు. ఓడ పొట్ట చుట్టూ మోకులు వేసి దూలం మీదుగా లాగి, ఆరుగురు బరువు పట్టుకున్నారు. తీగలు విప్పడానికి కుర్రవాళ్ళను పంపుతామంటే అన్నయ్య ఒప్పుకోలేదు. చెవులు ఎక్కడున్నాయో తనకే తెలుసన్నాడు. చెవులంటే ఓడతోపాటే పోసిన నాలుగు కన్నాలు, తీగలు పట్టుకునేవి. డెబ్భై ఏళ్ళ మనిషి నిచ్చెన ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే చుక్కలక్క ఊపిరి బిగబట్టింది, చుక్క పెట్టేటప్పటిలాగే.

ముందు చెవి మీద ఆయన రెండు వేళ్ళు వేశాడు. విప్పనక్కర్లేకపోయింది. నానిన అట్టముక్కలా అది చేతిలోకి వచ్చేసింది. ఓడ ముక్కు ఒక్కసారి కిందికి తూలింది. మోకులు కిర్రుమన్నాయి, కింద ఆరుగురి కాళ్ళూ గచ్చు మీద జారి, నిలదొక్కుకున్నాయి. ఆ కుదుపుకు మిగిలిన మూడు చెవుల్లో రెండు వాటంతటవే వదిలేశాయి.

చివరి తీగ విప్పి, ఓడను నేలకు దించారు. ఆ ఒంటి అద్దం పైకప్పును చూస్తూ గచ్చు మీద పడి ఉంది. అన్నయ్య చొక్కా కాలరు నుంచి బొత్తాల దాకా బూడిద. అరచేయి తెరిచి, అందులో మిగిలిన పొడిని ఎక్కడ పారబోయాలో తెలియనట్టు నిలబడ్డాడు.

మేనేజరే ముందు తేరుకున్నాడు. గండం గడిచిన తేలికతో, మాటవరసకు అడిగాడు. "దీనికి జత ఒకటుండేది కదా మేస్త్రిగారూ? అదెక్కడ వేలాడుతోందో?"

అన్నయ్య చెల్లెల్ని చూశాడు, ఆ రోజంతటిలో మొదటిసారి. "లారీ ఎక్కించాం. చెక్కపెట్టె మీద ఊరూ పేరూ రాసింది నువ్వే కదే."

అవును. దస్తూరీ బాగుంటుందని ఆమెచేతనే రాయించారు. చుక్కలక్క కళ్ళు మూసుకుంది. కొత్త చెక్క వాసన, నల్లరంగు డబ్బా, మామూలుకంటే లావుపాటి కుంచె, అన్నీ వచ్చాయి. అక్షరాలు మాత్రం రంగు ఆరకముందే ఎవరో చెయ్యి రుద్దినట్టు అలుక్కుపోయాయి. ఊపిరి బిగబట్టింది. మొదటి మాట ఒక్కటి తేలింది.

పిల్లల.

ఆ తర్వాత ఏముందో తెలియదు. ఆసుపత్రో, గ్రంథాలయమో, బడో. కుంచె అక్కడినుంచి కదలడం లేదు.

"ఫోన్ ఒకసారి ఇవ్వండి," అంది మేనేజరుతో. కళ్ళ డాక్టరుకు, ఆయన స్నేహితులకు తెలిసి ఉండాలి. ఏ ఊళ్ళో ఏ ఒంటికన్ను ఉందో చెప్పగలిగేది వాళ్ళే. అవతల ఫోన్ మోగుతోంది. బయట వాన పెరిగింది. లోపల స్పీకర్ల దగ్గరున్నవాళ్ళకు సంగతి ఇంకా తెలియదు. మళ్ళీ దడ్‌మంది, పైన ఖాళీ తీగలు నాలుగూ ఊగాయి.