మొక్కు అమ్మది, జడ నాది

ఎడమ భుజం బిగుసుకుపోయిందని నాకు తెలిసింది జడ వేసుకుంటున్నప్పుడే. చెయ్యి చెవి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇంకాస్త లేపబోతే పట్టపగలే చుక్కలు కనిపించాయి. "ఫ్రోజెన్ షోల్డర్. దానంతట అదే వదులవుతుంది, ఓపిక పట్టండి," అన్నారు డాక్టరు. ఆ ఓపికే నా దగ్గర లేదు. కుక్కర్ కూతలు పూర్తయ్యే దాకా వంటింట్లో నిలబడలేని మనిషిని నేను.

ఆ రోజు నుంచి మల్కాజ్‌గిరిలోని మా ఇంట్లో నా జడ మా ఆయన చేతికి వెళ్ళింది. లోకల్ ట్రైన్‌కు టైమ్ చూసుకుంటూ, రబ్బర్‌బ్యాండ్ నోట కరుచుకుని, సామాను మూటకు తాడు బిగించినట్టు లాగేవారు. పాపం, ఎంత శ్రద్ధగా వేసినా జడ కుడి పక్కకే వాలేది. నడుము దాటే జుట్టు నాది. బుద్ధి తెలిసినప్పటి నుంచి దాని మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. రోజూ స్టూలు మీద కూర్చుని తల అప్పగించాలంటే ఏడుపొచ్చేది.

ఇక తిరగడం మొదలుపెట్టాను. సైనిక్‌పురిలో ఒకావిడ భుజానికి సూదులు గుచ్చి కదలకుండా పడుకోమనేది. సూదులు నయం, కదలకుండా ఉండడమే నరకం. బోయిన్‌పల్లిలో మా అమ్మావాళ్ళింటి దగ్గర ఒక వైద్యుడు కర్పూరం ఘాటు కొట్టే తైలంతో మర్దన చేసేవాడు. హోమియో డాక్టరేమో తన గుళికలు వాడినన్నాళ్ళూ కర్పూరం వాసనే తగలకూడదన్నాడు. నేను తైలం పట్టించుకుని, పైన స్వెట్టర్ తొడుక్కుని, ఆ గుళికలు చప్పరించాను. ఏది పనిచేస్తుందో తేలేదాకా ఆగేదెవరు? మధ్యలో గోడ కనిపిస్తే చాలు, దాని మీద వేళ్ళను పైకి పాకించేదాన్ని.

నా అవస్థ చూడలేక అమ్మ ఒక రోజు మెల్లగా చెప్పింది.

"గుట్ట నర్సిమ్మసామికి మొక్కుకున్న బిడ్డా. నీ జడ నువ్వేసుకున్ననాడు నీకు గుండు చేపిస్తనని."

"మొక్కేమో నీది, నెత్తేమో నాదా? అందరాడోళ్ళ లెక్క జుట్టు కొసలకు మూడు కత్తెరలిస్తనంటే సరిపోకపోవునా?"

"దేవునితోని బేరమేందే? నీ తక్లీఫ్ చూస్తుంటే నోట్లకెల్లి అదే వచ్చింది."

ఒళ్ళు మండిపోయింది. వారం పాటు అమ్మ ఫోన్ చేసినా ఎత్తలేదు నేను.

విచిత్రంగా ఆ తర్వాతే భుజం వదులు కాసాగింది. వేళ్ళు క్యాలెండర్ మేకు దాటి పైకి పోతుంటే సంతోషమూ గుబులూ కలిసే వచ్చేవి. సూదులావిడ తన సూదుల మహిమంది, వైద్యుడు తన తైలమన్నాడు, హోమియో ఆయన తన గుళికలన్నాడు. అందరి ఫీజుల కంటే స్వామికి ఇవ్వాల్సిందే ఎక్కువ. నాకు చెయ్యీ కావాలి, జుట్టూ కావాలి. ఇంట్లో ఒక్క చోట కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని.

ఒక ఆదివారం మా ఆయన కూరగాయలకు వెళ్ళారు. అద్దం ముందు ఊరికే చెయ్యి లేపి చూశాను. మెడ వెనక్కి అందింది! మూడు పాయలు తీసి, పళ్ళు బిగించి, ఆగుతూ ఆగుతూ కొస దాకా అల్లాను. ఎవరూ చూడకముందే విప్పేద్దామనుకున్నాను కానీ మనసొప్పలేదు. అంతలో బెల్ మోగింది. వచ్చింది అమ్మ.

నా వెనకే వంటింటి దాకా నడిచి ఆగింది.

"ఇయ్యాల జడ సక్కగున్నది. ఎవరేసిన్రు?"

ఆయన వేశారంటే నమ్మదు. ఆయన జడ ఎటు వాలుతుందో అమ్మకు తెలుసు.

"నేనే."

అమ్మ మొక్కు మాట ఎత్తలేదు. నా ఎడమ చేతిని భుజం నుంచి వేళ్ళ దాకా తడిమి చంటిపిల్లలా ఏడ్చింది. "మస్తు భయపడ్డ బిడ్డా. ఇంక గిట్లనే ఉంటదేమో అనుకున్న." అమ్మను అలా చూసి నాకూ కన్నీళ్ళాగలేదు.

"గుట్టకు ఎప్పుడు పోదాం?" అని నేనే అడిగాను.

వెళ్ళే రోజు పొద్దున మా ఆయనను దువ్వెన ముట్టనివ్వలేదు. జడ నేనే వేసుకున్నాను, గట్టిగా, కొస దాకా. కల్యాణకట్టలో దాన్ని నేనే విప్పి తల వంచాను. స్నానం చేసి వచ్చాక అమ్మ గంధం గిన్నె పట్టుకుని నిలబడింది. నేనే రాసుకుంటానని గంధం తీసుకుని ఎడమ చెయ్యి లేపాను. నున్నటి తల మీద నుంచి మెడ దాకా ఎక్కడా ఆగకుండా వెళ్ళింది. అలవాటు కొద్దీ వీపు మీద జడ కోసం వెతికి, గంధంతోనే తిరిగి వచ్చింది.