పిన్ని పెట్టిన వేలం

చందాపుర దాటాక వచ్చే మా చిన్న ఊళ్లో, బస్టాండు పక్కన మున్సిపాలిటీ కట్టించిన అంగళ్లలో మా నాన్నది బట్టల అంగడి. తాత కాలంలో రాసుకున్న బాడుగే కడుతుండేవాళ్లం. పక్కవాళ్లూ అంతే. కొందరైతే ఆ అంగడినే ఇంకొకరికి ఎన్నో రెట్లు ఎక్కువ బాడుగకు ఇచ్చి ఇంట్లో కూర్చునేవారు. మున్సిపాలిటీకేమో కాలువ పూడిక తీయించడానికి కూడా డబ్బుండేది కాదు. ప్రతి పనికీ ప్రభుత్వం ఇచ్చే నిధుల కోసం ఎదురుచూపే.

మా అమ్మ చెల్లెలు మున్సిపాలిటీ సభ్యురాలిగా గెలిచి అధ్యక్షురాలైంది. కొన్నాళ్లకే, బాడుగ గడువు తీరిన అంగళ్లన్నింటికీ బహిరంగ వేలం పెట్టాలని తీర్మానం చేయించింది. ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి, నాన్న ఇంకెవరి నోటనో వినక ముందే తనే చెప్పింది.

"మా ఓట్లతో గెలిచి మా అంగడి మీదికే వస్తివా తల్లీ?" అన్నాడు నాన్న.

"నీది వదిలిపెట్టి పక్కోడిది ఎట్లా వేలమేసేది బావా? సంతలో కూరలమ్మే ఆడోళ్లకు మరుగుదొడ్డి లేదు. పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా కూర్చోనుండారు. అడిగితే డబ్బు లేదంటామా?"

"అంగడి పోతే మా గతేంది?"

"నువ్వూ పాడు. ఆ చోటు విలువ నీకంటే తెలిసినోడు ఎవడుండాడు?"

అమ్మ కాఫీ తెచ్చింది. నాన్న ముట్టలేదు. పిన్ని మాత్రం తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లింది.

వేలంనాడు పెద్దమనుషులు ఆమెను పక్కకు పిలిచి, వేలం లోపల్లోపలే ముగించమని చాలాసేపు నచ్చజెప్పారు. అంతా విని, లోపలికొచ్చి, తలుపులు బార్లా తెరిపించి మైకు పెట్టించింది. నాన్నకు రోడ్డు మీది అంగడి పోయింది. వెనక వరుసలో చిన్నది దక్కింది. కొన్ని నెలలు ఆయన పిన్నితో మాట్లాడలేదు.

కొత్త బాడుగలు రాగానే సంతలో మరుగుదొడ్లు, రేకుల కప్పు వచ్చాయి. పని కంటికి కనబడేసరికి ఇంటి పన్ను కట్టేవాళ్లూ పెరిగారు. ఒక వానరోజు సంతలో రేకుల కింద తడవకుండా కూరలు కొనుక్కొచ్చిన నాన్న అమ్మతో, "మొండిది. సరిగ్గానే చేసిందిలే" అన్నాడు.

తర్వాతి ఎన్నికల్లో ఆమె కోసం ఇల్లిల్లూ తిరిగింది ఆయనే. అయినా పిన్ని ఓడిపోయింది. అంగళ్లు పోయినవాళ్లు మరిచిపోలేదు. కానీ ఆమె తర్వాత కుర్చీలో కూర్చున్నవాళ్లెవరూ గడువు తీరినప్పుడల్లా వేలం వేసే ఆ పద్ధతిని ఆపే సాహసం చేయలేదు.