ఉప్పు దుకాణం ఇత్తడి బిళ్ల

మా చిన్నప్పుడు... చర్ల సంతలో పది పైసల నాణెం కనబడితే వింతగా చూసేవాళ్లం. డెబ్బైల మొదట్లో, యుద్ధం అయిపోయిన కొత్తలో, చిల్లరంతా ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. దుకాణాల వాళ్లే బిళ్లలు చేయించి చిల్లరకు బదులుగా ఇచ్చేవారు. ఎవరి బిళ్ల వాళ్ల దుకాణంలోనే చెల్లేది.

చాయ్ హోటల్‌ది ఎర్రరంగు పూసిన రేకు. బట్టల కొట్టుది ముద్ర వేసిన అట్టముక్క. అన్నీ పౌడరు డబ్బాలో దాచుకునేదాన్ని... ఉప్పు దుకాణానిది మాత్రం ఇత్తడి, మధ్యలో చిల్లు. అదొక్కటే నా దగ్గర లేదు. మా అమ్మ చేతికి వస్తే మళ్లీ ఉప్పుకే పోయేది.

ఒక సంతరోజు, గూడెం నుంచి ఉప్పు కోసం నడిచొచ్చిన ఒక అవ్వ కొంగుముడిలో అది కనబడింది. పోయిన వారం ఆమె చింతపండు అమ్మితే ఉప్పు సేటు ఇచ్చిన బిళ్ల. ఆ రోజు ఆమె దగ్గర ఉన్నది అదే.

"అవ్వా, నీది మసిబారింది. నాది జూడు, ఎర్రగ ఎంత మంచిగున్నదో! రెండిటి మీద పది పైసలనే ఉన్నది. మార్చుకుందమా?"

"సదువుకున్న పిల్లవు... నువ్వు చెప్తే గట్లనే బిడ్డా."

కాసేపటికి ఉప్పు దుకాణం ముందు నవ్వులు...

"ఓ ముసలమ్మా, గిది చాయ్ బిళ్ల! ఉప్పుల చాయ్ పోసుకుంటవా ఏంది?" అంటున్నాడు సేటు.

అవ్వ ఖాళీ సంచి పట్టుకుని అట్లాగే నిలబడింది. ఉప్పు లేకుండా వెళ్తే మళ్లీ సంత దాకా ఇంట్లో కూర చప్పిడే.

తెలియక చేశానని చెప్పుకోవచ్చు... కాదు. ఏ బిళ్ల ఎక్కడ చెల్లుతుందో నాకు తెలుసు. ఆమెకు తెలియదనీ తెలుసు.

వెళ్లి ఇత్తడి బిళ్ల చాపాను. "సేటూ, గిది అవ్వది. నేనే మోసం జేసి తీస్కున్న."

సేటు నవ్వు ఆగిపోయింది. అవ్వ మాత్రం తిట్టలేదు. ఉప్పు సంచిలో పోయించుకుని, ఎర్రబిళ్ల నా చేతిలో పెట్టింది.

"నీది నీకు, నాది నాకు. జల్దీ ఇంటికి పో బిడ్డా, ఎండ ముదురుతున్నది."

పెద్దయ్యాక చర్చిలో బోధకురాలినయ్యాను. నేటికీ లేఖనం తెరిచి దొంగ తూకాల మీద గొంతు చించుకుని బోధిస్తాను... వినేవాళ్లు వ్యాపారుల వైపు చూస్తారు. నాకేమో ఆ ఖాళీ సంచే కనబడుతుంది.

ఇప్పుడు అదే సంతలో ఫోను చూపిస్తే ఉప్పు వస్తుంది. చిల్లర మాటే లేదు...

మీ ఊళ్లో ఎవరు ఎట్లాంటి బిళ్లలిచ్చేవారో రాయండి. ఎవరిదైనా తీసుకుని తిరిగి ఇవ్వలేకపోయి ఉంటే... అదీ రాయండి.