రంగంలో ఆరుగురు

మా ఊళ్లో పాతవాళ్లకు ఆ దేశం పేరు రంగం. మన తీరం నుంచి ఓడెక్కి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పనికి వెళ్లినవాళ్లు రంగూన్‌లో దిగేవారు. దిగిన రేవు రంగం, దాని వెనకున్న నేలంతా కూడా రంగమే. మా అక్క అత్తగారు అక్కడే పుట్టి, చిన్నపిల్లగా ఉండగా తల్లిదండ్రులతో ఓడలో తిరిగొచ్చింది. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ ఆ దేశం ఎంత దూరంలో ఉందో ఎన్నడూ కొలవలేదు. కొలవాల్సిన పని మొన్న ఫాల్గుణంలో పడింది.

మా బావ, అంటే అక్క భర్త, విశాఖలో ఒక పెద్ద బోటుకు సరంగు. బోటు నడిపేదీ, వల ఎక్కడ వేయాలో చెప్పేదీ అతనే. ఆ విడత వేటకు ఎక్కినవాళ్లంతా మా ఊరి చుట్టుపక్కల వాళ్లే కాబట్టి, సాగనంపడానికి నేనూ హార్బరుకు వెళ్లాను. బోటు కదిలేటప్పుడు ఎంతమంది ఎక్కారో సరంగు ఒడ్డుకు కేకేసి చెప్పాలి. "ఆరుగురు," అని అరిచాడు బావ. నేను నా చిన్న పుస్తకంలో ఏడు అని రాసుకున్నాను. సరంగు తనను లెక్కపెట్టుకోడు. పెట్టుకుంటే ఆ విడత కలిసిరాదని వాళ్ల నమ్మకం.

నేను ఊళ్లో చేపల కాటా దగ్గర పనిచేస్తాను. పదో తరగతితో చదువు ఆపేశాను. ఆ పైన నేర్చుకున్నదంతా పిల్లల పాత పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నదే. ఏది చూసినా లెక్కేయకుండా ఉండలేను. పదిహేను రోజుల్లో రావాల్సిన బోటు పద్దెనిమిదో రోజుకీ రాలేదు. నాలుగో రోజు తర్వాత వైర్‌లెస్‌లో మాట కూడా లేదని బోటు యజమాని చెప్పాడు.

అక్క మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంది.

"లెక్కలోడివి గదరా. ఎక్కడున్నాడో సెప్పు."

"ఇంజను ఆగిపోయిందనుకో, నీరెటు లాగితే అటు పోతాది."

"ఎటు లాగుతాది?"

"ఈ రోజుల్లో ఈశాన్యానికి."

"అటేటి ఉన్నాది?"

నాకు సరిగ్గా తెలియదు. ఫోనులో కనిపించే పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే నాకు నమ్మకం కుదరదు. మర్నాడు బస్సెక్కి విజయనగరం వెళ్లి, పాత పుస్తకాల కొట్లో రెండు అట్లాసులు కొన్నాను. ఒకటి పాతది, ఒకటి కొత్తది. తిరుగు బస్సులో రెండూ ఒడిలో పరుచుకున్నాను. రెండింట్లోనూ తీరం గీత ఒక్కటే. పాతదాంట్లో దాని పక్కన బర్మా అని ఉంది, కొత్తదాంట్లో మయన్మార్ అని ఉంది. మా తాత దాచుకున్న ఒక ఉత్తరం మీద బ్రహ్మదేశం అని ఉండేది. అక్కడివాళ్లు మాటల్లో బమా అంటారనీ, రాతలో మ్యన్మా అంటారనీ, రెండూ ఒకే మాటకు రూపాలేననీ, అసలది ఎక్కడ పుట్టిందో మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేరనీ ఫోనులో చదివాను. చివరనున్న 'ర్' వాళ్ల నోట పలకదట. అది ఇంగ్లీషు రాతలో చేరినది. రంగంతో కలిపి ఆరు పేర్లు. ఒక్క నేలకు ఇన్ని పేర్లుంటే, అక్కడికి కొట్టుకుపోయిన మనిషిని ఏ పేరు పెట్టి వెతకాలి? ఎచ్చెర్ల దాటాక పుస్తకాలు మూసేశాను. మళ్లీ తెరిచాను.

గంటకు రెండు కిలోమీటర్లు కొట్టుకుపోతే రోజుకు నలభై ఎనిమిది. ఇరవై రోజులకు తొమ్మిది వందల అరవై. వల వేసే చోటు నుంచి అవతలి తీరం సుమారుగా అంతే. నాలుగో రోజు ఇంజను ఆగితే ఇరవై నాలుగో రోజుకు నేల తగలాలి. అక్కకు ఇంతవరకే చెప్పాను. చెప్పనిది ఇంకొకటుంది. బోటులో ఏడుగురికి పదిహేను రోజుల తిండి ఉంది. అది ఇరవై నాలుగు రోజులు రావాలంటే నలుగురికీ, ఇంకొక మనిషిలో సుమారు మూడో వంతుకీ సరిపోతుంది. ఆ మూడో వంతు మనిషి నన్ను కాటా దగ్గర కూడా నిలవనివ్వలేదు. బుట్ట తూచి బరువు చెప్పడం మరిచిపోయేవాణ్ని. "ఏటి మావా, కాటాకి నిద్రొచ్చిందా?" అని చేపలామె ఒకతె దెప్పింది.

ఇరవై ఐదో రోజు ఉదయం టీవీలో వచ్చింది. మయన్మార్ నేవీ ఒక ఆంధ్రా బోటును పట్టుకుంది, అందులో ఆరుగురు మత్స్యకారులు ఉన్నారు. పేర్లు చెప్పలేదు. బోటు నంబరు మాత్రం చూపించారు. అది మనదే.

నేను వెళ్లేసరికి అక్క టీవీ ముందు నిలబడే ఉంది. "మయన్మారంట. ఆ పేరే ఎప్పుడూ ఇననేదు. ఎలాటోళ్లో ఏటో," అంది.

అక్క అత్తగారు మూలన కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. "ఆ పుస్తకం ఇలా తెరా," అని నన్ను పిలిచింది. కొత్త అట్లాసు చూపించాను. అక్షరాలు ఆమెకు రావు. తడి వేలితో నీలం అంచు వెంట కిందికి జరిపి, నదులు చీలికలైన చోట ఆపింది.

"ఇది రంగం గదేటి."

"అదేనత్తా."

"మరి అదేదో రాకాసి దేశం పేరు సెప్తారేటి? ఒసే, నీ మొగుడు నా పుట్టింటికెల్లాడే. అక్కడ ఎవులెదురైనా ముందు 'తమిన్ తిన్నావా' అంటారు. తమినంటే అన్నం." మళ్లీ రొయ్యల బుట్ట దగ్గరికి లాక్కుంది.

అక్క కూర్చుంది. ఆ వారంలో ఆమె కూర్చోగా చూడటం అదే మొదలు. నాకు మాత్రం కాలు నిలవలేదు. వాకిట్లోకీ లోపలికీ తిరుగుతున్నాను. ఏడులోంచి ఆరు తీస్తే ఒకటి.

"ఏటిరా తిరుగుతన్నావు?"

"ఏడుగురు గదే ఎక్కింది."

అక్క నా మొహంలోకి చూసింది. "ఆరుగురని ఆళ్లకి ఎవులు సెప్పినారు?"

"లెక్కెట్టుంటారు."

"బోటు పట్టుకున్నోడు ముందు సరంగునే అడుగుతాడు, ఎంతమందిరా అని. మీ బావేటి సెప్తాడు? ఆరే సెప్తాడు. తెల్లకాగితం మీద సంతకం పెట్టమన్నా ఆరే సెప్తాడు." అంటూ పొయ్యి మీద ఎసరు పెట్టడానికి లేచింది.

నేను వాకిట్లోకి వచ్చేశాను. ఆమె చెప్పింది నిజమే కావచ్చు. బావ బతికి ఉండి చెప్తే ఆరు. కానీ బావ ఒక్కడే లేకపోతే, మిగిలినవాళ్లలో ఎవరు చెప్పినా ఆరే. అందరూ ఉన్నా ఆరే, అతనొక్కడు లేకపోయినా ఆరే. ఇన్నేళ్లలో ఏ లెక్కా నాకు ఇలా రెండు వైపులా ఒకే జవాబు చెప్పలేదు. అక్కతో అనలేదు. పుస్తకంలో రాసి, దాని చుట్టూ గీత గీశాను.

ఆ తర్వాత నాలుగు రోజులు నేనేం తిన్నానో గుర్తులేదు. అక్క మాత్రం వేళకు వండింది, చిరిగిన వల ఒకటి ముందేసుకుని ముడులు వేసింది. పలకరించడానికి వచ్చినవాళ్లు మయన్మార్ అంటే, "రంగమే," అని సరిదిద్దింది. అందులో ఒకావిడ తన తాత కూడా రంగంలో పనిచేశాడని చెప్పి, టీ తాగి వెళ్లింది. చూస్తుండగానే అక్క ఇంట్లో ఆ దేశం పక్క ఊరంత దగ్గరైపోయింది. నా అట్లాసులో మాత్రం తొమ్మిది వందల అరవై అలాగే ఉంది.

ఇరవై తొమ్మిదో రోజు మధ్యాహ్నం బోటు యజమాని ఫోను చేసి, అక్కడి నుంచి మాట్లాడిస్తున్నారు, లైనులో ఉండమన్నాడు. అక్క ఫోను స్పీకరులో పెట్టింది. ముందు ఎవరో పెద్దాయన గొంతు, మనలాంటి తెలుగే, కొంచెం సాగదీసినట్టు ఉంది. రంగంలో ఉండిపోయిన తెలుగువాళ్లలో ఒకాయనట, మాట సాయానికి పిలిచారట. "అమ్మా, మీవాళ్లు రంగం సేరిపోయినారు, బెంగ పడకండి," అన్నాడు. తర్వాత గరగరమని చప్పుడు. ఆ తర్వాత దగ్గు.

ఆ గరగరలో అది ఎవరి దగ్గో నేను పోల్చుకోలేకపోయాను. అక్క ఫోను నాకిచ్చింది.

"ఎంతమందున్నారు?" అన్నాను. ముందు అడగాల్సింది అదేనా అంటే, నాకు అదే వచ్చింది.

"ఆరుగురూ బాగున్నారు."

"సరంగో?"

అవతలి గొంతు మళ్లీ దగ్గింది. "ఒరే, నేను నేకపోతే నీతో మాటాడతన్నది ఎవుడ్రా?"

అక్క పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. అత్త రొయ్యల చేత్తోనే నా దగ్గర ఫోను లాక్కుని, గట్టిగా, అంత దూరం వినబడాలంటే అరవాలన్నట్టు అడిగింది.

"తమిన్ తిన్నావేటిరా?"