మిస్ అయ్యేదాకా

పోయిన గురువారం పొద్దున మా జట్టు పొడుగక్క ఫోన్ చేసి, ముందు టిఫినయిందా అని అడిగింది. అయిందన్నాను. ఏం తిన్నావని అడిగింది. ఉప్పిట్టు అన్నాను, ఉప్మాకి ఇక్కడి పేరు. అప్పుడు చెప్పింది, మా కెప్టెన్ అక్క తెల్లవారుజామున ఆస్పత్రిలో పోయిందని. ఖాళీ కడుపుతో ఉన్నవాళ్లకి చెడ్డ వార్త చెప్పకూడదన్నది అక్క పెట్టిన పద్ధతే. మ్యాచ్ ఓడిపోయిన రోజున కూడా మమ్మల్నందర్నీ దర్శిని హోటల్లో నిలబెట్టి ఇడ్లీ వడ తినిపించి, చేతులు కడుక్కున్నాకే తిట్లు మొదలుపెట్టేది.

ఫోన్లో ఇద్దరం ఏడ్చాం. తర్వాత అరగంట నవ్వుకున్నాం. అక్క గురించి మాట్లాడుతూ నవ్వకుండా ఉండటం మాకు చేతకాదు. కాబట్టి ఇది చదివే మీరు కూడా ముఖం ముడుచుకుని చదవకండి. అక్కకి ముడుచుకున్న ముఖాలంటే ఒళ్లు మంట.

మాది బెంగుళూరులో ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీ ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ జట్టు. ఆట కోటాలో ఉద్యోగాలిచ్చి మమ్మల్ని తలా ఒక సెక్షన్లో కూర్చోబెట్టేవాళ్లు. మధ్యాహ్నం మూడున్నర కాగానే, మిగతావాళ్లు కుళ్లుకుంటూ చూస్తుండగా మేం ఫైళ్లు మూసేసి కోర్టుకి పోయేవాళ్లం. నేను చేరేనాటికే అక్కా పొడుగక్కా ఆ జట్టులో పదిహేనేళ్లకు పైగా ఆడుతున్నారు. అక్క అయిదడుగుల మనిషి, బెంగుళూరులో ఎప్పుడో స్థిరపడిన తెలుగు కుటుంబం. పొడుగక్కది కర్ణాటకలోని కొడగు. ఆరడుగులకి రెండంగుళాలే తక్కువ. అక్క దగ్గరే తెలుగు నేర్చుకుంది కాబట్టి ఆవిడకి తెలుగులో మొదట వచ్చినవి తిట్లే. అక్క బంతి తెచ్చి ఇవ్వడం, పొడుగక్క రింగులో వేయడం. ఊళ్లో ఏ జట్టుకైనా ఈ సంగతి తెలుసు, అయినా ఆపగలిగినవాళ్లు లేరు.

ఒకసారి ఇద్దరికీ పెద్ద గొడవయింది. టూరుకి పోయేటప్పుడు బస్సులో కిటికీ సీటు దగ్గర మొదలై, ఎక్కడెక్కడికో పోయింది. రెండేళ్లు మాట్లాడుకోలేదు. కానీ ఆ రెండేళ్లలోనూ అక్క చేతిలోంచి పొడుగక్కకి అందాల్సిన పాసు ఒక్కటీ తగ్గలేదు. ఆట మధ్యలో ఏదైనా చెప్పాల్సి వస్తే నాకు చెప్పేది, నేను పోయి పక్కనే ఉన్న ఆవిడకి చెప్పాలి. ఇదేం చోద్యం అక్కా అంటే, కోపం మనిషి మీదప్పా, రింగు యేం పాపం చేసింది అనేది. ఆఖరికి ఎలా కలిశారో వాళ్లకే గుర్తులేదు.

నేను ఆ జట్టులోకి రావడమే అక్క పుణ్యం. మా నాన్న కదిరి వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ. బెంగుళూరు పక్కన హొసకోటెలో ఉండేవాళ్లం. స్కూలు టోర్నమెంటులో నా ఆట చూసి, అక్క రెండు బస్సులు మారి మా ఇంటికొచ్చింది. మా నాన్న మర్యాదగా కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఆడపిల్ల నిక్కరేసుకొని నలుగుర్లో ఎగిరేది మా ఇండ్లల్లో లేదమ్మా అనేశాడు. అక్క నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

“మేస్త్రీ, నువ్వు పరంజా ఎక్కేటప్పుడు లుంగీ ఎగ్గట్టుకుంటావా లేదా?”

“కట్టుకోకుంటే కాలికి తగులుకొని కింద పడతా కదమ్మా.”

“మీ పాపకీ అంతేప్పా. పొడుగు బట్టలేసుకొని ఉరికితే పడతాది.”

మా నాన్నకి నవ్వాగలేదు. నా మొదటి మ్యాచ్‌కి పని మీద నుంచే వచ్చి, సిమెంటు చొక్కాతో కంచె బయట నిలబడి, నాకంటే ఎక్కువ అక్కకే ఈలలు వేశాడు.

అక్క చాదస్తాలు చెప్పాలంటే రోజు చాలదు. మ్యాచ్ ముందు వరసగా నిలబెట్టి మా గోళ్లు చూసేది. పెరిగి ఉంటే తనే పట్టుకుని కత్తిరించేది, పెళ్లికూతురైనా సరే వదిలేది కాదు. ఆట రోజు తలకి కొబ్బరినూనె నిషేధం. చేతులకి అంటుకుని బంతి జారుతుందని. బంతిలో గాలి తక్కువుందనో, నేల జారుతోందనో మేం సణిగితే, ఆడలేనమ్మ మద్దెల ఓడందంట అని అందరి ముందూ దులిపేసేది. నేను సిగ్గుతో బంతి అడక్కుండా నిలబడిపోతే మాత్రం దగ్గరికొచ్చి చెప్పింది: “గొంతెత్తి అడుగప్పా. అడిగినోళ్లకి బాల్ ఇయ్యకుంటే తప్పు నాది. అడక్కుంటే నీది.” నా బతుకులో నేను అడిగి సంపాదించుకున్నవన్నీ ఆ ముక్క చలవే.

రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తలో ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నలభై దాటినవాళ్లు ఇక జట్టులో ఉండకూడదు, వచ్చే నెల నుంచి అక్కా పొడుగక్కా అందరిలాగే అయిదున్నర దాకా సెక్షన్లో పనిచేయాలి. న్యాయంగా చూస్తే తప్పుపట్టడానికేం లేదు. పొడుగక్క మెట్లు దిగుతుంటే మోకాళ్లు టకటకమనేవి. ఆవిడ హాయిగా ఊపిరి పీల్చుకుని, ఇంక సాయంత్రాలు కాళ్లు చాపుకుని టీవీ చూస్తానంది. అక్క మాత్రం రెండు రోజుల తర్వాత, ప్రాక్టీసు ముందు మోకాలికి బ్యాండేజీ చుట్టుకుంటూ నాతో అంది.

“మూడున్నరయితే చాలప్పా, కాళ్లు వాటంతట అవే లేస్తాయి. ఇంగ వాటికి యేమని చెప్పల్ల?”

పద్దెనిమిదేళ్లుగా ఆవిడ బతుకంతా ఆ మూడున్నర చుట్టూనే తిరిగింది. పిల్లల చదువులు, అత్తగారి మందులు, వంట, అన్నీ ఆ ఆట వేళకి అటూ ఇటూ సర్దుకున్నవే.

ఇక్కడ మా జట్టు ఆచారం ఒకటి చెప్పాలి. మాకంటే ముందు ఆడినవాళ్ల నుంచి వచ్చింది, ఎవరు పెట్టారో తెలీదు. జట్టు వదిలిపోయేవాళ్లు ఉపన్యాసం ఇవ్వరు. రింగుకి ఎదురుగా ఉండే ఫ్రీత్రో గీత దగ్గర నిలబడి, మిస్ అయ్యేదాకా రింగులోకి బంతులు వేస్తారు. మిగతావాళ్లం రింగు కింద నిలబడి బంతి తిరిగి అందిస్తాం. మిస్ అయిన క్షణం నుంచి వాళ్లు జట్టులో లేనట్టే. అందరం చప్పట్లు కొట్టి బోండాల మీద పడతాం. సన్మానం హడావిడిలో చేతులు వణికి ఎవరికైనా నాలుగో అయిదో పడేవి, అంతే. ఒకావిడ ఊరికి బస్సుందని మొదటి బంతే అటు విసిరేసి పరిగెత్తింది.

ఆ శనివారం కోర్టు పక్కన షామియానా వేశారు. అక్కలిద్దరూ పట్టుచీరలు కట్టుకుని, కింద ఆట బూట్లు వేసుకుని వచ్చారు. తలపాగాలా ఉండే మైసూరు పేటా పెట్టి, శాలువా కప్పి, పళ్లబుట్టలు చేతికిచ్చారు. పేటా పెట్టడానికి పొట్టి స్పోర్ట్స్ ఆఫీసరు పొడుగక్క ముందు కుర్చీ ఎక్కాల్సి వచ్చింది. పెద్దసారు మాట్లాడుతూ, వీరిద్దరూ ఫ్యాక్టరీకి ఎన్నో గోల్స్ సాధించి పెట్టారన్నారు. మా ఆటలో బాస్కెట్లే కానీ గోల్స్ ఉండవు. మా వరస మొత్తం తలలు దించుకుని వణికిపోయాం, నవ్వు ఆపుకోలేక.

ముందు పొడుగక్క గీత దగ్గరికి పోయింది. మూడు పడ్డాయి, నాలుగోది రింగుకి కొట్టుకుని బయటికొచ్చింది. ఆవిడ ఫక్కున నవ్వి, చప్పట్లు ఆగకముందే బోండా ప్లేటు అందుకుంది.

తర్వాత అక్క. చెంగు బొడ్లో దోపుకుని, తల మీద పేటాతోనే మొదలుపెట్టింది. మేం కన్నడంలో లెక్కపెడుతున్నాం. పది దాకా ఈలలు. పదిహేను దాకా కేకలు. పందొమ్మిదో బంతికి పేటా జారి కళ్ల మీదికొస్తే, తీసి స్పోర్ట్స్ ఆఫీసరు ఒళ్లో పెట్టి వచ్చి మళ్లీ గీత దగ్గర నిలబడింది. ఇరవై మూడు దగ్గర పెద్దసారు గడియారం చూసుకుని కారెక్కారు. ముప్పై దాటాక లెక్కపెట్టే గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బోండాలు చల్లారాయి. షామియానా వాళ్లు కుర్చీలు మడవడం మొదలుపెట్టారు.

నేను సరిగ్గా రింగు కింద ఉన్నాను. ఆవిడ ముఖం నాకు కనిపిస్తోంది. అది గెలుస్తున్న మనిషి ముఖం కాదు. ముప్పై ఎనిమిదో బంతి రింగు మీద గిర్రున తిరిగి తిరిగి లోపల పడింది. అది తిరుగుతున్నంతసేపూ అక్క కళ్లు గట్టిగా మూసుకుంది. నాకు అప్పుడర్థమైంది. ఈవిడ మమ్మల్ని వదిలిపోవడానికి సిద్ధంగా లేదు.

పొడుగక్క బోండా పక్కన పెట్టి దగ్గరికొచ్చింది. సాకు, బారే, అంది మెల్లగా. చాలు, రావే అని. అక్క రింగు మీది నుంచి చూపు తిప్పలేదు.

“మిస్ అయితే ఇంగ నేను టీమ్‌లో లేనట్ల. నా చేత్తో నేనెట్ల మిస్ చేయల్లప్పా?”

నలభై ఏళ్ల చేతులు, ఎంతసేపని లేస్తాయి? మహా అయితే ఇంకో పది. ఆ తర్వాత మా అందరి కళ్ల ముందూ మిస్ అవుతుంది, ఆవిడ అలాగే ఇంటికి పోతుంది. బంతి నా చేతికొచ్చింది. నేను దాన్ని అక్కకి వేసి, రింగు కింద నా చోటు వదిలేసి పక్కకి పరిగెత్తాను. గీత చుట్టూ తిరిగి రింగు వైపు దూసుకొస్తూ చెయ్యి చాపి, గొంతు చించుకుని అక్కా అని అరిచాను.

అక్క ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే వేసేది కాదు. నేను అడుగు వేయబోయే చోటికి, నా అరచేతికి సరిగ్గా వచ్చింది బంతి. రింగులో వేసేశాను.

అక్క ఖాళీ చేతులకేసి చూసుకుంది, నాకేసి చూసింది. నోరు తెరిచి తిట్టబోయి ఆగిపోయింది. స్పోర్ట్స్ ఆఫీసరు, ఒళ్లో పేటా పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే, ఇంతకీ ఈమె మిస్ చేసిందా లేదా అని కన్నడంలో అడిగాడు. పాపం ఆయనకి రూలంటే రూలే. పాసు ఎక్కడైనా మిస్ కిందికొస్తుందా సార్, అంది పొడుగక్క. ఆయన కాసేపు ఆలోచించి, అయితే ఈ కార్యక్రమం పూర్తి కాలేదని తేల్చి, బోండాలు తినమన్నాడు. అక్క నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే, మోకాలు పట్టుకుని అక్కడే గీత మీద కూలబడింది, పట్టుచీరతోనే.

సోమవారం మూడున్నరకి ఆవిడ రాలేదు. రావడానికి లేదు కదా, స్టోర్స్ సెక్షన్లో అయిదున్నర దాకా డ్యూటీ. మేం ఉసూరుమంటూ ఆడుతున్నాం. ఆరు కావొస్తుండగా గేటు దగ్గర అక్క కనిపించింది. మామూలు వాయిల్ చీర, భుజాన టిఫిన్ సంచి, కాళ్లకి బూట్లు. సంచి కంచెకి తగిలించి నేరుగా నా దగ్గరికొచ్చింది.

“శనివారం నేను మిస్ చేసినానా?”

“లేదక్కా.”

“మరి బాల్ ఇట్లియ్యి. ఆ గోళ్లేంది, మనిషివా పిల్లివా?”

ఆనాటి నుంచి ఏడెనిమిదేళ్లు, జ్వరాలకీ పండగలకీ తప్ప, సాయంత్రం ఆరింటికి అక్క కోర్టులో ఉండేది. మ్యాచ్‌లు ఆడలేదు, ఏ కాగితం మీదా పేరు లేదు. కొత్తగా చేరిన పిల్లలకి గోళ్లు కత్తిరించేది, బంతి అడగడం నేర్పేది. పొడుగక్క కూడా టీవీ విసుగుపుట్టి వారానికి రెండు రోజులు వచ్చి, రింగు కింద కుర్చీ వేసుకుని అక్కతో గొడవపడేది. పోయినేడు అక్కకి ఒంట్లో బాగుండటం మానేసినా, ఆటోలో వచ్చి కంచె బయటి నుంచే తిట్టిపోసేది. ఆ తిట్లు వినపడక మా పిల్లలకి ఇప్పుడు ఆట కుదరడం లేదు. నాకూ కుదరడం లేదు.

శుక్రవారం ఫ్యాక్టరీ నోటీసు బోర్డు మీద సంతాపం కాగితం పెట్టారు. కన్నడంలో టైపు చేసి, నాలుగు వరసలు. పేరు, సెక్షను, కింద ‘మాజీ బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి’ అని. మధ్యాహ్నం నేను చూసేసరికి, ఎవరో పిల్ల నీలం పెన్నుతో ‘మాజీ’ మీద గట్టిగా అడ్డగీత కొట్టేసి పోయింది. నేనలా చూస్తుండగానే స్పోర్ట్స్ ఆఫీసరు వచ్చాడు. వచ్చే ఏడు రిటైరయ్యే మనిషి, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఆ నాలుగు వరసలూ నిదానంగా చదివాడు. కాగితం చింపేస్తాడనుకున్నాను. ఒక మూల పిన్ను ఊడి కాగితం గాలికి లేస్తోంది. ఆయన కింద పడిన పిన్ను ఏరుకుని, ఆ మూలని సరిచేసి, బొటనవేలితో గట్టిగా నొక్కి వెళ్లిపోయాడు.